రీసెర్చ్‌కిచ్చిన స్కూటరు

ఆయన పోయాడన్న కబురు మా పాత ల్యాబ్ వాట్సాప్ గ్రూపులో పడగానే మొదటి జవాబు మా మేడమ్ నుంచి వచ్చింది. "నిజమేనా అండి? లేక మనకేమన్నా పరీక్ష పెడుతున్నారా?" అని రాశారు. చావు కబురుకు ఎవరైనా ఇలా జవాబిస్తారా అంటే, ఆయన్ని ఎరిగినవాళ్ళు ఇస్తారు. తాను పోయినట్టు కబురు పంపించి, ఎవరు ముందొస్తారో, ఎవరు దొంగ ఏడుపు ఏడుస్తారో తలుపు చాటునుంచి చూసే రకం ఆయన. మా ల్యాబ్‌లోనే చదివిన మహేశ్, ఆయన ఊరు గోపన్‌పల్లికి ఫోన్ చేసి కనుక్కుని, నిజమే అన్నాకే మేడమ్ దండం బొమ్మ పెట్టారు.

నేనప్పుడు హైటెక్ సిటీలో మా ఆఫీసు మీటింగులో ఉన్నాను. ఫోన్ తెర మీద 'కొనండి' అన్న బటన్ ఎక్కడ పెడితే జనం కన్ను దాన్ని తప్పించుకోలేదో తేల్చే మీటింగు. మనుషుల చూపు ఎక్కడ పడుతుంది, ఎక్కడ పడదు అనే విద్యను గచ్చిబౌలిలో యూనివర్సిటీ ల్యాబ్‌లో నేర్చుకుని, ఇప్పుడు దాన్ని ఇట్లా అమ్ముకు తింటున్నాను. "ఎడమవైపు పెడదాం, అందరూ అటే చూస్తారు" అన్నాడు మా మేనేజరు. అందరూ చూడరు అనబోయాను. మంచినీళ్ళ వంకతో లేచి బయటికొచ్చి, లిఫ్టుల దగ్గర నిలబడి కాసేపు ఏడ్చి, ఏడుస్తూ ఏడుస్తూ నవ్వాను.

ఆయన పేరు చెప్పను. చెబితే గోపన్‌పల్లిలో సగం మంది "మా చిన్నాయనే" అంటూ వస్తారు, మిగతా సగం "మాతో కొట్లాడింది ఆయనే" అంటూ వస్తారు. గురువారం గురువారం వచ్చేవాడు కనుక మేం గురువారం తాత అనేవాళ్ళం.

తాత సంగతి తెలియాలంటే ముందు మా ల్యాబ్ సంగతి కొంచెం తెలియాలి. మనిషి ధ్యాస మీద పరిశోధన చేసే చోటు అది. కన్ను దేన్ని పట్టుకుంటుంది, మనసు దేన్ని వదిలేస్తుంది, అంతే మా పని. పెద్దదిక్కు మేడమ్. తెనాలి మనిషి. అండి అనకుండా కుక్కను కూడా అదిలించరు. మహేశ్ అక్కడ పీహెచ్‌డీ చేసేవాడు, సిద్దిపేట అతను. వాళ్ళిద్దరికీ సహాయంగా నేను, మాది నల్లగొండ. ఒక చీకటి గది, గదిలో ఒక కంప్యూటరు, దాని ముందు తల కదలకుండా గడ్డం ఆనించుకునే స్టాండు. తెర నడుమ చిన్న ప్లస్ గుర్తు ఉంటుంది. వచ్చినవాళ్ళు దాని మీదే చూపు నిలపాలి.

మా పనిలో పైకి చెప్పేది ఒకటి, పరీక్షించేది ఇంకొకటి. అసలు సంగతి ముందే చెప్పేస్తే పరీక్ష జరగదు. అందుకని ఒక కట్టుబాటు కూడా ఉంది. అబద్ధం చెప్పి కూర్చోబెట్టిన ప్రతి మనిషికీ చివర్లో నిజం చెప్పి పంపాలి. మేడమ్‌కు అది నోము లాంటిది. టీ ఇస్తారు, బిస్కెట్టు ఇస్తారు, కళ్ళజోడు సర్దుకుని "ఇప్పుడు అసలు విషయం చెబుతానండి" అని మొదలుపెడతారు. నిజం చెప్పకుండా పంపిన మనిషిని తలుచుకుంటే ఆవిడకు అన్నం సహించదు. మార్కులు మాత్రం ఎవరికీ చెప్పరు. "ఇది మీ తెలివికి పరీక్ష కాదండి" అంటారు. ఎంత బతిమాలినా అంతే.

పరీక్షలకు కాలేజీ పిల్లలు దొరుకుతారు, పిజ్జా ఆశ చూపితే సాఫ్ట్‌వేర్ వాళ్ళూ దొరుకుతారు. అరవై దాటినవాళ్ళే దొరకరు. మహేశ్ పోయి గోపన్‌పల్లిలో ఒక కిరాణా కొట్టు గోడకు, పెద్దవాళ్ళు కావాలని కాగితం అంటించి వచ్చాడు. ఆ గురువారం పొద్దున్నే మా బండ్ల షెడ్డులో, రంగు వెలిసిన ఆకుపచ్చ గేర్ల స్కూటరు ఒకటి ఢక్కుఢక్కుమంటూ వచ్చి ఆగింది. తెల్ల ధోవతి, భుజాన తువ్వాల, నెత్తిన క్రికెట్ ఆడే పిల్లల హెల్మెట్. లోపలికి వస్తూనే అడిగిన మాట ఇది:

"ఈడ నజరు మంచిగున్నదని సర్టిఫికెట్ ఇస్తరంట గద?"

"మేం చూపుకు సర్టిఫికెట్లు ఇవ్వమండి" అన్నారు మేడమ్.

"మరి గింత పెద్ద బిల్డింగు ఎందుకు గట్టిన్రు?"

కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగితే బయటపడింది. కొడుకు ఆయన స్కూటరు తాళంచెవి లాక్కోవాలని చూస్తున్నాడు. కొడుకు ఆఫీసు క్యాబ్ నడుపుతాడు. రోడ్డు మీద ఏం జరుగుతుందో రోజూ చూసేవాడు కనుక భయం. దానికి తోడు తాత ఈ మధ్య ఒక నీళ్ళ ట్యాంకరుకు గీసుకున్నాడు. "నేను గీసుకోలే. అదే ఎడమకెల్లి ఒచ్చి నాకు తాకింది" అన్నాడు తాత. అంతకుముందు ఒక ఆటో, దానికి ముందు ఎవరిదో గోడ. అన్నీ ఎడమనుంచే వచ్చి తాకాయి. గోడ ఎట్లా వస్తుందని మహేశ్ అడిగితే, "గీ ఊర్ల గోడలే గద వొస్తున్నయ్! నిన్న లేనిది ఇయ్యాల ఉంటది" అన్నాడు. గోపన్‌పల్లిలో అపార్టుమెంట్లు లేస్తున్న తీరుకు ఆ మాటను కాదనలేకపోయాం.

ఆ స్కూటరు ఆయనకు ప్రాణం. పొద్దున లేచి గచ్చిబౌలికి టీ తాగడానికి పోవాలి, ఆఫీసు బస్సుల నడుమనుంచి దర్జాగా హారన్ కొడుతూ. ఏదో కంపెనీ గేటు ముందు బండి ఆపి, సెక్యూరిటీ అతను "ఈడ పెట్టొద్దు తాతా" అంటే, "నా బర్రెను ఈడనే కట్టేసెటోన్ని, అప్పుడు నువ్వేడున్నవ్?" అని దబాయించాలి. తాళంచెవి పోతే ఇవన్నీ పోతాయి. కొడుకు వెనక సీట్లో కూర్చుని, వాడు పోయే చోటికి పోవాలి. "గంతకన్న నన్ను దవాఖానల పండవెట్టుండ్రి" అన్నాడు.

సర్టిఫికెట్ రాదని తెలిసీ ఆయన మానలేదు. ఎప్పటికైనా మేడమ్ మనసు కరుగుతుందని ఆశ. ప్రతి గురువారం వచ్చేవాడు. గేటు దగ్గర ఇచ్చిన విజిటర్ కార్డు తిరిగి ఇవ్వలేదు, మెడలో వేసుకుని పెళ్ళిళ్ళకు కూడా పోయేవాడని తర్వాత తెలిసింది. ఇంట్లో "డూటీకి పోతున్న" అని చెప్పి బయల్దేరేవాడట. గడ్డం స్టాండును ముందు తన తువ్వాలతో తుడిచేవాడు. "మంగలి షాపుల గూడ గింత సేపు కదలకుండ కూసోలె" అని గొణిగేవాడు. చుక్క కనబడగానే మీట నొక్కమంటే, నొక్కడంతో ఆగక "ఆఁ!" అని అరిచేవాడు. ఆ గదిలోంచి "ఆఁ! ఆఁ!" అని వినిపిస్తుంటే, పక్క డిపార్ట్‌మెంటువాళ్ళు లోపల ఎవరినో కొడుతున్నామనుకునేవాళ్ళు. మీటను ఆయన నొక్కే తీరుకు కీబోర్డు మార్చాల్సొచ్చింది. అంతా అయ్యాక టీ సాసర్లో పోసుకుని, ఊదుకుంటూ తప్పక అడిగేవాడు.

"మార్కులెన్నొచ్చినయ్ మేడం?"

"మార్కులుండవండి బాబాయ్ గారూ."

"గట్లనా. అయితే ఫస్టే వొచ్చి ఉంటది" అని లేచిపోయేవాడు. ఊళ్ళో ఫస్టనే చెప్పుకునేవాడు.

ఒక్క పరీక్షలో మాత్రం ఆయన ఘోరంగా ఓడిపోయాడు. అది మహేశ్ థీసిస్‌కు ఆయువుపట్టు లాంటి పరీక్ష. తెర మీద టీబండి వీడియో నడుస్తుంది. టీ పోసేవాడు గ్లాసు ఎన్నిసార్లు ఎత్తి పోశాడో లెక్కపెట్టమంటాం. అది పైకి చెప్పే మాట. నడుమ ఒక పెళ్ళికొడుకు, పసుపు పంచె, నుదుట బాసికం, మెడలో పూలదండతో, తెర ఈ చివరనుంచి ఆ చివరకు నింపాదిగా నడిచిపోతాడు. ఆ పెళ్ళికొడుకు మా మహేశే. లెక్కలో మునిగినవాళ్ళలో చాలామందికి పెళ్ళికొడుకు కనబడడు. తాతకూ కనబడలేదు. గ్లాసుల లెక్క సరిగ్గా చెప్పి మీసం దువ్వుకున్నాడు. మేడమ్ టీ ఇచ్చి, అసలు విషయం చెప్పి, వీడియో మళ్ళీ వేసి చూపించారు.

తాత ముఖం నల్లబడింది. "పెండ్లికొడుకు పోతుంటే కనవడకపాయెనా! గంత పెద్దోడు!" అన్నాడు. మహేశ్‌ను పైనుంచి కిందికి చూశాడు. "గీడేనా? గుర్తువట్టేటట్టు లేడు గని."

అది అందరికీ జరిగేదేనని మేడమ్ ఎంత చెప్పినా వినలేదు. ఆ రోజు సాసర్లో టీ చల్లారిపోయింది.

ఇంకా పెద్దవాళ్ళు కావాలి, మీ ఊరివాళ్ళను తీసుకురాగలరా అని మేడమ్ ఆయన్నే అడిగారు. అడగ్గానే ముఖం వెలిగిపోయింది. దాన్ని ఆయన ఉద్యోగం కింద తీసుకున్నాడు. వారానికొకరు చొప్పున స్కూటరు వెనక ఎక్కించుకుని దించేవాడు. అందరూ బండ్లున్న ముసలివాళ్ళే, అందరికీ తాళంచెవి అడిగే కొడుకులున్నారు. వాళ్ళు చేతులు కట్టుకుని వచ్చి, చీకటి గదిలోకి పోయి, నవ్వుతూ బయటికొచ్చేవారు. ఫలితాలు చూసి మా కళ్ళు తిరిగాయి. కాలేజీ పిల్లలు, సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు చూడలేని పెళ్ళికొడుకును గోపన్‌పల్లి పెద్దలు ఒక్కరు కూడా వదిలిపెట్టలేదు. వయసుతో ధ్యాస తగ్గుతుందన్న మాటే తప్పేమోనండీ అని మేడమ్ ఢిల్లీలో ఉన్న స్నేహితురాలికి ఫోన్ చేసి మురిసిపోయారు. మహేశ్ ఇంకో అడుగు ముందుకేసి, థీసిస్ అయిపోయినట్టే, పిల్లను చూడమని ఇంటికి కబురు పెట్టాడు.

అప్పుడు వచ్చాడు నర్సింలు తాత. గురువారం తాతకు చిన్ననాటి నేస్తం, అప్పటినుంచే శత్రువు కూడా. సొంత మోపెడ్ మీద వచ్చాడు, ఎవరి వెనకా ఎక్కడు. గడ్డం ఆనించి కూర్చున్నాడు. వీడియో మొదలైంది. టీ పోసేవాడు మొదటి గ్లాసు ఎత్తాడో లేదో, గది దద్దరిల్లేట్టు అరిచాడు.

"పెండ్లికొడుకు కనవడ్డడు!"

మహేశ్ కంగారులో నోరు జారాడు. "ఇంక రాలే తాతా."

"రాలేదా? అయితే ఆగుదం" అని నర్సింలు తాత ఓపిగ్గా కూర్చున్నాడు. కాసేపటికి పెళ్ళికొడుకు వచ్చాడు. "ఆఁ, గిప్పుడొచ్చిండు. రాస్కో."

నాకు నవ్వాగలేదు. మహేశ్ మాత్రం గోడకు ఆనుకుని అట్లాగే కిందికి జారి కూర్చున్నాడు. చేసిన పరీక్షలన్నీ గంగపాలు. మేడమ్ గురువారం తాతను పిలిపించారు. ఆవిడకు కోపం వచ్చిందంటే గొంతు ఇంకా మెత్తబడుతుంది.

"అందరికీ ముందే చెప్పేశారా బాబాయ్ గారూ?"

"చెప్పిన."

"అట్లా చెప్పకూడదు కదండి."

"పరీక్షకు సదువుకోకుండ పోతరా మేడం ఎవరన్న? మీరు సదువుకోకుండనే పాసైన్రా?" అన్నాడు. తర్వాత తల దించుకుని, తువ్వాల కొస మెలిపెడుతూ, "ఆళ్ళు ఫెయిలైన్రనుకో, రేపు ఆళ్ళ కొడుకులకు తెలుస్తది. అందరి బండ్లు గుంజుకుంటరు. గందుకే జెప్పిన" అన్నాడు.

మా కట్టుబాటు ఆ రోజే మారింది. ఒక పరీక్ష మొదలుపెడితే ఆఖరి మనిషిది అయిపోయేదాకా ఎవరికీ అసలు విషయం చెప్పకూడదు. మహేశ్ లింగంపల్లి వైపు పోయి కొత్తగా ముసలివాళ్ళను వెతుక్కున్నాడు. ఇంటికి మళ్ళీ ఫోన్ చేసి పిల్లను చూడటం ఆపమన్నాడు.

తాతకు శిక్షగా, ఎవరూ ముందే చెప్పలేని పరీక్ష ఒకటి పెట్టారు మేడమ్. శిక్ష అని ఆవిడ అనలేదు, నేనంటున్నాను. చూపు ప్లస్ గుర్తు మీదే నిలపాలి, చుట్టూ ఎక్కడో ఒకచోట చిన్న దీపం వెలిగి ఆరిపోతుంది, కనబడితే మీట నొక్కాలి. ఇందులో దాచేదేమీ లేదు, చెప్పేదే పరీక్షించేది. ఆ పూట నడిపింది నేను. తాత నాకోసం వేడివేడి మక్కకంకి ఒకటి కాగితంలో చుట్టి తెచ్చాడు.

"బిడ్డా, దీపం ఏ దిక్కుకొస్తదో జర చెవుల చెప్పరాదు?"

"మిషన్‌కే తెల్వదు తాతా. దానికి ఎట్ల తోస్తే అట్ల ఇస్తది."

"లంచం తింటివి, పని జెయ్యకపోతివి" అని, గడ్డం ఆనించి కూర్చున్నాడు. "ఆఁ!" "ఆఁ!" అని వినబడింది. చాలాసేపు చప్పుడు లేదు. మళ్ళీ "ఆఁ!" అన్నాడు. నా తెర మీద ఫలితం గీసుకుంటూ వస్తోంది. నేను కంకి తినడం ఆపేశాను.

బయటికొచ్చాక కళ్ళు నులుముకుంటూ ఎగతాళిగా అన్నాడు. "మీ మిషన్ ఖరాబైంది బిడ్డా. దీపాలన్ని కుడి దిక్కే ఇస్తున్నది. ఎడమ దిక్కు ఒక్కటి గూడ ఇయ్యకపాయె. బాగు జేపియ్యుండ్రి."

ఆయన నవ్వుతూనే నా ముఖం చూశాడు. మనుషుల ముఖాలు చదవడంలో ఆయనకు ఏ లోపమూ లేదు.

"ఇచ్చిందా?" అన్నాడు.

"ఇచ్చింది తాతా."

"ఎన్ని?"

"కుడి దిక్కు ఎన్నిచ్చిందో అన్నే."

ఆ మాట అన్నది నేనే, కానీ నా నోరు పడిపోయినా బాగుండేదనిపించింది. తాత బల్ల మీదున్న టీ తీసుకున్నాడు. సాసర్లో పోసుకోలేదు. కప్పుతోనే, వేడివేడిగా, గబగబా తాగేశాడు. ట్యాంకరు, ఆటో, గోడ, అన్నీ వరసపెట్టి ఆయనకు గుర్తొస్తున్నాయని నాకు తెలుస్తూనే ఉంది. ఆ రోజు మార్కులు అడగలేదు. "బండి ఇయ్యాల ఈడనే ఉండనియ్యి బిడ్డా" అని చెప్పి, ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

మహేశ్ వెంటపడి మదీనాగూడలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. కంటి వెనక నరం ఎండుతోందట. పోయిన చూపు రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవచ్చునన్నారు. ఇంట్లో మందు అందరి ముందే వేయించుకునేవాడు. ఎందుకని అడిగితే ముసలి కండ్లు గదా అనేవాడట.

తర్వాతి గురువారం తాత వస్తాడో రాడో అనుకున్నాం. వచ్చాడు, బైక్ టాక్సీ వెనక కూర్చుని. దిగేటప్పుడు కూడా ఆ కుర్రాడికి "గేరు దించకుండ బ్రేకెయ్యకు" అని పాఠం చెబుతున్నాడు. లోపలికొచ్చి స్కూటరు తాళంచెవి తీసి మేడమ్ బల్ల మీద పెట్టాడు.

"మేడం, నా బండిని రీసెర్చ్‌కు తీస్కోండ్రి."

"రీసెర్చ్‌కా? బండితో మాకేం పనండి?"

"ఏదో ఒకటి జేస్కోండ్రి. గదేందో నాకక్కర లేదు. నా కొడుకు గుంజుకున్నట్టు గావద్దు, నేను భయపడి ఇచ్చినట్టు గావద్దు. యూనివర్సిటీ అడిగింది, నేనిచ్చిన. గంతే."

"అంటే నన్ను అబద్ధం చెప్పమంటారా బాబాయ్ గారూ?"

తాత ఆ రోజు మొదటిసారి నవ్వాడు. "మీరు రోజు చెప్పేదే గద మేడం! టీ గ్లాసులు లెక్కవెట్టమని కూసోవెట్టి పెండ్లికొడుకును తోలుతరు."

"చివర్లో నిజం చెబుతామండి. చెప్పి తీరాలి. అది మా కట్టుబాటు."

"చెప్పుండ్రి. నేను పోయినంక చెప్పుండ్రి."

మేడమ్ తాళంచెవి తీసి సొరుగులో వేసుకున్నప్పుడు మహేశ్ కిటికీ వైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు. కిటికీ లేదక్కడ, గోడే ఉంది.

కొడుకు నిజానిజాలు కనుక్కుందామని రెండు రోజులకే వచ్చాడు. యూనిఫాం చొక్కా మీదే వచ్చాడు, క్యాబ్ గేటు బయట ఆపి. "మా నాయిన బండిని మీరే అడిగిన్రా మేడం?" అన్నాడు. పరీక్షల్లో అంత నున్నగా అబద్ధమాడే మేడమ్‌కు ఆ పూట చెమటలు పట్టాయి. "అవునండి. చాలా ముఖ్యమైన పరిశోధనండి. పాత బండ్లు... పెద్దవాళ్ళ ధ్యాస... మీ నాన్నగారే కావాలన్నామండి" అన్నారు. అతను ఒక్కసారి పెద్దగా ఊపిరి వదిలి, రెండు చేతులూ జోడించాడు. "మంచిగ తీస్కోండ్రి మేడం. మల్ల వాపస్ మాత్రం ఇయ్యకుండ్రి" అన్నాడు.

అట్లా ఆకుపచ్చ స్కూటరు మా షెడ్డులో నిలిచిపోయింది. తాత రావడం మాత్రం మానలేదు. పరీక్ష, టీ అయ్యాక షెడ్డుకు పోయేవాడు. తువ్వాలతో బండిని తుడిచేవాడు. స్టాండు మీదే ఉంచి, ఓ పక్కకు వంచి, కిక్కు కొట్టేవాడు. ఎక్కి కూర్చుని, గేర్లు ఒకదాని తర్వాత ఒకటి మారుస్తూ, ప్లస్ గుర్తు చూసినట్టే ఎదురుగోడను చూస్తూ, అక్కడే ఉండి నడిపేవాడు. మలుపుల దగ్గర హారన్ కొట్టేవాడు. చక్రం తిరుగుతుంటే ఆయన ముఖం తేటపడేది. నేను టీ కప్పుతో అక్కడికి పోయి అడిగేదాన్ని.

"యాడిదాక పోయినవ్ తాతా?"

"శంకర్‌పల్లి దాక పోయొచ్చిన. ట్రాఫిక్ లేదియ్యాల."

ఇంతటితో ఊరుకుంటే ఆయన గురువారం తాత ఎట్లా అవుతాడు? ఊళ్ళో ప్రచారం మొదలుపెట్టాడు. యూనివర్సిటీవాళ్ళు కాళ్ళావేళ్ళా పడి తన బండిని అడిగారని, అందరి బండ్లూ తీసుకోరని, దానికి వేరే పరీక్ష ఉందని. నర్సింలు తాతకు నిద్ర పట్టలేదు. "నా బండి ఏం పాపం జేసింది?" అంటూ వచ్చేశాడు. ముందు తెచ్చిన ముసలివాళ్ళందరినీ మళ్ళీ ఒక్కొక్కరినే తెచ్చి దీపాల పరీక్షకు కూర్చోబెట్టాడు గురువారం తాత. ఈసారి ఎవరికీ ముందే ఏమీ చెప్పలేదు, చెప్పడానికేమీ లేదు కూడా. గది బయట కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. రెండు దిక్కులా దీపాలు కనబడ్డవాళ్ళు బండెక్కి ఇంటికి పోయారు. కనబడనివాళ్ళను మహేశ్ కంటి డాక్టరు దగ్గరికి పంపేవాడు. వాళ్ళు డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక, తాత వాళ్ళ భుజం మీద చెయ్యి వేసి షెడ్డు వైపు నడిపించేవాడు. ఏం మాట్లాడేవాడో మాకు వినబడలేదు. తర్వాత చూస్తే షెడ్డులో ఇంకో బండి ఉండేది. నర్సింలు తాత మోపెడ్ కూడా అట్లాగే చేరింది. ఇవేం బండ్లని సెక్యూరిటీ ఆఫీసరు అడిగితే, మేడమ్ తల పక్కకు తిప్పుకుని "రీసెర్చ్ అండి" అనేవారు.

ఆ తర్వాత మహేశ్ పీహెచ్‌డీ వచ్చి డాక్టరయ్యాడు, నిజంగానే పెళ్ళికొడుకూ అయ్యాడు. పెళ్ళిలో తాత మొదటి వరసలో కూర్చుని, "ఇప్పుడు కనవడుతున్నడు" అని అందరికీ వినబడేట్టు అన్నాడు. నేను హైటెక్ సిటీకి వచ్చేశాను. గురువారం వస్తే ఇప్పటికీ ఎందుకో నాకు మక్కకంకి తినాలనిపిస్తుంది.

దశదినాలు అయ్యాక వచ్చిన గురువారం, కొడుకు ల్యాబ్‌కు వస్తున్నాడని మేడమ్ ఫోన్ చేశారు. సెలవు పెట్టి పోయాను. షెడ్డులో నర్సింలు తాత మోపెడ్ మీద కూర్చుని ఉన్నాడు, స్టాండు మీదే, ఇంజను వేయకుండా. పక్కన ఆకుపచ్చ స్కూటరు మీద దుమ్ము లేదు. ఎవరు తుడిచారో అడగలేదు, ఆయన భుజాన తువ్వాల నల్లగా ఉంది.

కొడుకు గుండుతో వచ్చాడు. కూర్చోగానే అడిగాడు. "మీ రీసెర్చ్ అయిపోయిందా మేడం? బండి తీస్కపోదమని ఒచ్చిన. నాయిన యాదికి ఇంటి ముందట పెట్టుకుంట."

మేడమ్ టీ ఇచ్చారు, బిస్కెట్టు ఇచ్చారు. కళ్ళజోడు సర్దుకున్నారు. పోయినంక చెప్పుమన్న మనిషి పోయాడు, కట్టుబాటు ప్రకారం ఇక చెప్పాలి. "ఇప్పుడు అసలు విషయం చెబుతానండి" అన్నారు.

తలుపు తెరిచే ఉంది. షెడ్డులోంచి నర్సింలు తాత మమ్మల్నే చూస్తున్నాడు. హ్యాండిల్‌ను రెండు చేతులా పట్టుకున్నాడు. ఆయన వెనక ఇంకా బండ్లున్నాయి, వాటి ముసలివాళ్ళు ఊళ్ళో ఉన్నారు, వాళ్ళ కొడుకులూ ఉన్నారు. ఈ గదిలో ఒక్క మాట జారితే సాయంత్రానికల్లా గోపన్‌పల్లి అంతా తెలిసిపోతుంది. మేడమ్ అటు చూశారు. ఇటు చూశారు. కళ్ళజోడు తీసేశారు.

"అసలు విషయం ఏంటంటేనండి, ప్రయోగం ఇంకా అయిపోలేదు. ఆఖరి మనిషిది అయ్యేదాకా మేం ఎవరికీ చెప్పకూడదు. చెబితే అందరికీ తెలిసిపోతుందండి. ఆ పాఠం మాకు నేర్పింది మీ నాన్నగారే."

కొడుకు టీ కప్పు తిప్పుతూ కాసేపు షెడ్డు వైపు చూశాడు. ఏమనుకున్నాడో తెలియదు. "అయితే బండి ఈడనే ఉండనియ్యుండ్రి" అన్నాడు. లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"ఒక్కటి అడుగుత మేడం. మా నాయినకు మార్కులెన్నొచ్చినయ్? ఎన్నడడిగినా ఫస్టే అనేటోడు."

అన్నేళ్ళలో మేడమ్ ఎవరికీ మార్కులు చెప్పి ఎరగరు. మేమంతా ఆవిడ నోటివంకే చూశాం.

"నిజమేనండి" అన్నారు మేడమ్. "ఫస్టే."

కొడుకు తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు. నాకూ కళ్ళు మసకబారాయి. అంతలో షెడ్డులో మోపెడ్ హారన్ కీచుమని మోగింది.

"గాయనకు ఫస్టైతే మరి నాకెంత?" అని అక్కణ్ణుంచే అరిచాడు నర్సింలు తాత.